కుడి భుజం

డాక్టరు మా ఊరికి మంగళవారాలే వస్తుంది,
అదీ సొరంగం దారి తెరిచి ఉంటేనే.
దేనికి చూపించుకోవాలని గుమాస్తా అడిగితే
కుడి భుజం అని రాయించాను.
అబద్ధం కాదు.
చలి ముదిరితే చెయ్యి లేవదు,
బడి వంటింట్లో పెద్ద గిన్నె దించాలంటే
పొడుగు పిల్లలెవర్నో కేకేస్తాను.

రోజూ పదకొండింటికి, వెలుతురు కాస్త కళ్లు తెరిచాక,
దుర్భిణీలోంచి కొండమీది కొలకర్రలు చూసి
రాజధానికి ఫోన్ చేసేది నేనే.
మూడో కర్ర దగ్గర నూట నలభై. ఐదోది మునిగింది.
గాలి ఈశాన్యం.
అవతలి కుర్రాడు ఒకసారి అన్నాడు,
స్టెయిన్‌వోర్, నీ గొంతు వింటే
వాన కూడా ఎండలాగే ఉంటుంది అని.

జనవరి చివర్లో సూర్యుడు మళ్లీ కొండ దాటి తొంగిచూసిన రోజు
ఊరందరికీ పాన్‌కేకులు పోసేదీ నేనే.
స్మరణ దినాన చర్చిలో పేర్లు చదివేదీ నేనే.
పద్నాలుగు పేర్లు.
ఏడోది కొల్బెయిన్, మా తమ్ముడు.
ఏడోదాని దగ్గర ఊరంతా నా మొహంలోకి చూస్తుంది.
ఎనిమిదోది చదువుతాను.

గట్టి పిండం అంటారు.
పేరులోనే రాయి ఉంది, ఆవిడకేం అంటారు.
నవ్వినప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటే
ఈ వయసులో సిగ్గేమిటని ఆట పట్టిస్తారు.

ఒకే ఒక్కసారి పాస్టరు దగ్గరికెళ్లి
నోరు తెరిచాను.
సగం వాక్యమైనా కాకుండానే ఆయన నా చేతులు పట్టుకుని
మంచి సమయానికొచ్చావు తల్లీ,
పడవ మునిగి మొగుణ్ణి పోగొట్టుకున్న ఆ పిల్లతో
నువ్వైతేనే మాట్లాడగలవు అన్నాడు.
వెళ్లాను.
బాగానే ఓదార్చాను.

బెర్గ్రోస్ చిన్నది, నా కూతురి ఈడు ఉంటుందేమో,
నాకు కూతురుంటే.
వేళ్లకు నారింజ తొక్క వాసన.
భుజం తిప్పి చూసింది, ఎముక బాగానే ఉందంది.
ఎటు తిరిగి పడుకుంటావు అంది.

చెప్పడం చేతకాక
కాగితం పరిచిన బల్లమీద పడుకుని చూపించాను.
ఎడమ పక్కకి.
కుడి మోచెయ్యి మడిచి
అరచెయ్యి దోసిలిలా, నోటికి నాలుగు వేళ్ల దూరంలో.

ఎన్నాళ్ల నుంచి?

ఇరవై తొమ్మిదేళ్లు.

ఆమె ఏమీ రాసుకోలేదు.
పెన్ను మూత పెట్టేసింది.

మంచుచరియ మీదపడ్డాక మంచు మంచులా ఉండదు,
సిమెంటులా బిగుస్తుంది. ఏ చెయ్యి ఎక్కడుంటే అక్కడే.
నా చెయ్యి ఇక్కడుంది.
ఈ అరచేతిలో పట్టినంతే నాకు గాలి.
ఏది పైనో ఏది కిందో తెలియలేదు,
ఉమ్మి చెవి వైపు జారితే తెలిసింది.
తొమ్మిది గంటలు.
పైన నడుస్తున్నారు. మాటలు వినబడుతున్నాయి.
మంచు పైమాటల్ని కిందికి పంపుతుంది,
కిందిమాటల్ని పైకి పోనివ్వదు.
ఫ్లాస్కులో కాఫీ మిగిలిందా అని ఎవరో అడిగారు.
ఆయన బూట్ల కింద నేను అరుస్తున్నాను.
తమ్ముడు కూడా కొంతసేపు అరిచాడు.
తర్వాత పొడవాటి ఇనప కడ్డీ ఒకటి దిగి
నా భుజంలో గుచ్చుకుంది.

ఇదంతా చెప్పానా, తలలో అనుకున్నానా
నాకే సరిగ్గా తెలియదు.
కాగితం మాత్రం చెంప కింద తడిసి చిరిగింది.

చెయ్యి దించమని ఆమె అనలేదు.
బొటనవేలు భుజంమీద పెట్టి నెమ్మదిగా నొక్కింది.
ఇక్కడేనా?

ఇంకా లోపల, అన్నాను.

బయటికొచ్చేసరికి చీకటి పడింది.
చెవిపోటుతో వచ్చిన ఐవిందుర్
గంటన్నరగా బెంచీమీద కూర్చుని ఉన్నాడు.
ఏమిటి స్టెయిన్‌వోర్,
భుజం అంత పాడైపోయిందా?

నాలుకమీదికి రోజూ వచ్చే మాట వచ్చింది.
దాన్ని మింగి,
అవును, అన్నాను.